వన్స్ మోర్!

పాఠకమహాశయులకు ముందుగా ఒక మనవి. ఈ వారం నేను సంగీతం గురించి రాయబోతున్నాను. నాకు సంగీతం రాదు. రాని విద్య గురించి రాసేవాళ్లు దేశంలో నేనొక్కణ్ణే కాదు గనక ధైర్యం చేస్తున్నాను.

అసలు సంగతేమిటంటే, నా దగ్గరకొక తగవు వచ్చింది. పొలంగట్టు తగవూ కాదు, కట్నం తగవూ కాదు. పాటల తగవు. వాది మా మేనల్లుడు. ప్రతివాది వాడి ప్రాణస్నేహితుడు. ఇద్దరూ హైదరాబాదులో ఒకే కాలేజీలో ఇంజనీరింగు చదివారు, ఒకే గదిలో అద్దెకున్నారు, ఒకే కూరతో రెండు పూటలు గడిపారు. తరవాత ఇద్దరూ హాలెండు దేశంలో ఉద్యోగాలు సంపాదించుకుని పక్కపక్క ఊళ్లలో కాపురం పెట్టారు. అటువంటివాళ్లు 2023 ఏప్రిల్ నెలాఖరున మాటలు మానేశారు. కారణం, ఒక అమెరికా వాద్యబృందం వేసిన కొత్త రికార్డు.

ఆ బృందం పేరు మెటాలికా. పేరులోనే ఇనప చప్పుడు వుంది చూశారా? పాటలోనూ అంతే. మొదటిసారి మావాడి గదిలోంచి ఆ సంగీతం వినిపించినప్పుడు పక్కింట్లో పిండిమర పెట్టారు కాబోలనుకుని చూడటానికి వెళ్లాను.

ఈ బృందం 1981లో లాస్ ఏంజిలిస్‌లో పుట్టింది. డెన్మార్కు నుంచి వచ్చిన లార్స్ ఉల్రిక్ అనే డోళ్ల కుర్రవాడు తోడు కావాలని పత్రికలో ప్రకటన వేస్తే, జేమ్స్ హెట్‌ఫీల్డ్ అనే కుర్రవాడు దాన్ని చూసి వచ్చాడు. పెళ్లిప్రకటనల మూలంగా కుదిరిన జంటలు ఎన్ని నిలబడ్డాయో నేను చెప్పలేను గానీ, ఈ జంట మాత్రం నలభయ్యేళ్లు దాటి నిలబడింది. 1983లో మొదటి రికార్డు వచ్చింది. 1986లో వచ్చిన ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’ చాలామంది భక్తులకు భగవద్గీత. ఆ సంవత్సరమే సెప్టెంబరు 27న, స్వీడన్‌లో కచేరీలు చేస్తూ తిరుగుతున్న రోజుల్లో, తెల్లవారుజామున వాళ్ల బస్సు బోల్తాపడి, క్లిఫ్ బర్టన్ అనే బేస్ గిటారు వాయించే కుర్రవాడు చనిపోయాడు. అతనికి ఇరవైనాలుగేళ్లు. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

2011లో ఈ బృందం మొట్టమొదటిసారిగా మన దేశానికి వచ్చింది. మావాడూ, వాడి స్నేహితుడూ బెంగుళూరు బయల్దేరారు. మా అక్కయ్యతో “స్నేహితుడి పెళ్లి” అన్నారు. ఆ పెళ్లికి చదివింపుల డబ్బిచ్చినవాణ్ణి నేనే. అంచేత ఆ నేరంలో నాకూ భాగం వుంది. అక్టోబరు 28న ఢిల్లీ దగ్గర గుర్‌గావ్‌లో జరగవలసిన కచేరీ ఆగిపోయి, జనం కోపంతో వేదికను ధ్వంసం చేశారని పేపర్లో చదివి నాకు రాత్రి నిద్రపట్టలేదు. 30వ తేదీన బెంగుళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో కచేరీ జరిగింది. పిల్లలిద్దరూ క్షేమంగానే తిరిగివచ్చారు, గొంతులు మాత్రం అక్కడే వదిలేసి. “పెళ్లిలో ఐసుక్రీములు తిన్నారు కదూ వెధవల్లారా” అని మా అక్కయ్య మూడు రోజులు మిరియాల కషాయం పోసింది. ఇద్దరూ మాట్లాడకుండా తాగారు. మాట్లాడటానికి గొంతేది?

చిత్రమేమిటంటే, సరిగ్గా ఆ మర్నాడే, అక్టోబరు 31న, లూ రీడ్ అనే పెద్ద గాయకుడితో కలిసి ఈ బృందం చేసిన ‘లులూ’ అనే రికార్డు బయటికొచ్చింది. లోకంలో అభిమానులు చాలామంది దాన్ని చూసి నెత్తీనోరూ బాదుకున్నారు. మావాళ్లిద్దరూ కూడా కషాయం తాగుతూనే సైగలతో తిట్టుకున్నారు. అయితే ఇద్దరూ కలిసి తిట్టారు. కలిసి తిట్టుకుంటున్నంతకాలం స్నేహానికి ఢోకా లేదు. పన్నెండేళ్ల తరవాత ఒకడు మెచ్చుకున్నాడు, ఒకడు తిట్టాడు. అక్కడ వచ్చింది ముప్పు.

2023 ఏప్రిల్ 14న వచ్చిన ఆ రికార్డు పేరు ‘72 సీజన్స్’. డెబ్భైరెండు ఋతువులు. మనిషి జీవితంలో మొదటి పద్దెనిమిదేళ్లూ అన్నమాట. వాళ్లకు ఏడాదికి నాలుగే ఋతువులు గనక లెక్క డెబ్భైరెండుతో సరిపోయింది. మన పంచాంగం ప్రకారం నూటెనిమిది అవుతుంది, అష్టోత్తరం చేయించవచ్చు. పసుపుపచ్చని అట్ట మీద కాలిపోయిన ఉయ్యాలతొట్టె బొమ్మ. పన్నెండు పాటలు, డెబ్భైయేడు నిమిషాలు. ఇంగ్లండు జాబితాలో మొదటిస్థానం, అమెరికా జాబితాలో రెండోస్థానం వచ్చాయి. అమ్మకానికేమీ లోటు లేదు.

కచేరీలు కూడా కొత్తతరహాగా పెట్టారు. ఏప్రిల్ 27, 29 తేదీల్లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలు. ఊరికి రెండు రాత్రులు. మొదటి రాత్రి పాడిన పాట రెండో రాత్రి పాడరు. మైదానం మధ్యలో చక్రంలాంటి గుండ్రని వేదిక. ఆ చక్రం లోపలా జనమే, బయటా జనమే. డోళ్లు నాలుగుచోట్ల అమర్చివుంటాయి. డోళ్లాయన కాసేపు ఇటు, కాసేపు అటు కూచుని వాయిస్తాడు. చుట్టూ పెద్ద పెద్ద స్తంభాలు, వాటి మీద బొమ్మ కనబడే తెరలు.

మావాళ్లిద్దరూ రెండు రాత్రులకీ టిక్కెట్లు కొన్నారు. మొదటి రాత్రి కలిసి వెళ్లారు. రెండో రాత్రి మా మేనల్లుడొక్కడే వెళ్లాడు.

ఆ మర్నాడు పొద్దున్నే నాకు ఫోను చేశాడు.

“మావయ్యా, వాడికి బుద్ధి లేదు.”

“ఎవడికిరా?”

“ఇంకెవడికి? పన్నెండేళ్లు ఎదురుచూసి, టిక్కెట్టు కొనుక్కుని, రెండో రోజు రానన్నాడు. వాడికి 2011 కావాలి. 2011 ఎక్కణ్ణించి తెస్తారు మావయ్యా ఎవరైనా? మొదటి రాత్రి కచేరీ దేంతో మొదలుపెట్టారో తెలుసా? ‘ఓరియన్’తో. మాటల్లేని వాద్యం అది. క్లిఫ్ బర్టన్ చేతిపని. వాడి అంత్యక్రియల్లో కూడా అదే వినిపించారు. ముప్ఫైయేడేళ్లనాడు పోయిన స్నేహితుణ్ణి తలుచుకుని కొత్త యాత్ర మొదలుపెట్టినట్టుంది నాకు. నేను ఏడుస్తూంటే వీడు పక్కన నిలబడి ‘శబ్దం సరిగ్గా రావటంలేదు’ అంటాడు.”

ఒక గంట పోయాక ప్రతివాది ఫోను చేశాడు. పద్ధతైన పిల్లవాడు, ముందు నా మోకాళ్లనొప్పులు కనుక్కున్నాడు.

“మావయ్యగారూ, మీరే చెప్పండి. గుండ్రంగా వేదిక కట్టారు. పాడే ఆయన సగంసేపు నాకు వీపే చూపించాడు. ఆయన వీపు చూడటానికా అంత డబ్బు పోసింది? అంత పెద్ద స్టేడియంలో ఎటు తిరిగి వాయించినా శబ్దం గోడకి కొట్టుకుని వెనక్కి వస్తుంది. అదలా వుంచండి. కొత్త పాటలు చూద్దామంటే, మూడు నిమిషాల్లో చెప్పేది ఏడు నిమిషాలు చెబుతారు. గిటారు హేమెట్ ఎప్పుడు చూసినా కాలితో ఆ పెడలు తొక్కుతూనే వుంటాడు. వాళ్లు అరవైయేళ్లవాళ్లయిపోయారు మావయ్యగారూ. ఆ మాటంటే మీ మేనల్లుడు నన్ను ‘నీకు సంగీతం కాదు, జ్ఞాపకాలు కావాలి’ అన్నాడు. నేను ‘నువ్వు పేరు చూసి చప్పట్లు కొట్టే భజనపరుడివి’ అన్నాను. అంతే.”

పాఠకులు నా స్థితి ఊహించుకోండి. నాకు గిటారుకీ వీణకీ తేడా తెలుసు; ఆ తరవాత అంతా చీకటి. అయినా పెద్దమనిషి తనం ఒప్పుకున్నాక విచారణ చెయ్యక తప్పదు. నేను ఆ బృందం చరిత్ర చదవటం మొదలుపెట్టాను. చదివితే తేలిందేమిటంటే, అభిమానుల అలక ఆ బృందంకంటే వయసులో మూడేళ్లే చిన్నది.

1984లో రెండో రికార్డులో ఒక పాట మెల్లగా, మెత్తగా మొదలవుతుంది. “ఇనుము మెత్తబడింది” అని అప్పుడే అలిగారు. 1989లో ‘వన్’ అనే పాటకు మొదటిసారిగా టెలివిజన్ బొమ్మ తీస్తే, “బజారుపాలయ్యారు” అన్నారు. యుద్ధంలో కాళ్లూ చేతులూ చూపూ మాటా పోగొట్టుకున్న సైనికుడి మీద కట్టిన పాట అది. బజారులో అమ్ముడుపోయే సరుకు ఎలా అయిందో నాకు బోధపడలేదు. 1991లో నల్ల అట్టతో వచ్చిన రికార్డు అమెరికాలోనే కోటిన్నరకు పైగా అమ్ముడయింది. పాత భక్తులు “ఇది మాది కాదు” అన్నారు. 1996లో జుట్టు కత్తిరించుకుంటే దానికీ అలిగారు. మన దగ్గర గుండు కొట్టించుకుంటే ఏ తిరుపతి మొక్కో అని ఊరుకుంటాం. అక్కడ మతం మార్చుకున్నట్టు గగ్గోలు పెట్టారు. 2000లో తమ పాటలు ఇంటర్నెట్‌లో ఊరికే పంచుకుంటున్నారని నాప్‌స్టర్ మీద దావా వేసి, మూడు లక్షలకు పైగా పేర్లు ఇచ్చారు. అంటే అభిమానుల మీదే ఫిర్యాదు! ఆ కోపం మటుకు న్యాయమైనదే అనిపించింది నాకు. 2003లో ‘సెయింట్ ఆంగర్’లో డోలు చప్పుడు రేకుడబ్బాలా వుందన్నారు. (విన్నాను. వుంది.) 2008లో వచ్చినదాన్ని మరీ చెవులు పగిలే మోతలో తయారుచేశారని, మళ్లీ సరిచేసి ఇవ్వమని వేలమంది సంతకాలు పెట్టి అర్జీ పంపారు.

ఇందులో విశేషమేమిటో గమనించారా? 1991లో తిట్టించుకున్న రికార్డు ఇవాళ పవిత్రగ్రంథం. 2023లో “ఆ రోజుల్లోలాగా లేదు” అనేవాళ్లకు ఆ రోజులంటే అవే. తిట్టడానికీ పూజించడానికీ మధ్య ముప్ఫైయేళ్ల దూరం. చేసినవాళ్లు బతికుండగానే అది పూర్తయితే అదృష్టం.

అయినా తీర్పు చెప్పేముందు సరుకు చూడాలిగదా. ఒక మధ్యాహ్నం భోజనం అయ్యాక చెవులకు ఆ గొట్టాలు తగిలించుకుని డెబ్భైయేడు నిమిషాలూ విన్నాను. మా ఆవిడ రెండుసార్లు వచ్చి నాడి చూసి వెళ్లింది. నిజం చెప్పాలంటే చాలావరకు నాకు ఒక పాటకీ మరో పాటకీ సరిహద్దు తెలియలేదు. ఈ విషయంలో ప్రతివాది మాట కొట్టిపారెయ్యలేను. కాని చిట్టచివరి పాట, ‘ఇనమొరాటా’ అంటారు, పదకొండు నిమిషాల పైచిలుకు నడుస్తుంది. మధ్యలో అంత మోతా అణగిపోయి, బేస్ గిటారు ఒక్కటే ఎవరో చీకట్లో నడుస్తున్నట్టు మెల్లగా మోగుతుంది. అక్కడ నేను కుర్చీలో సద్దుకుని కూచున్నాను. దాని అర్థం మావాణ్ణి అడిగితే, దుఃఖాన్నే ప్రియురాలిని చేసుకున్న మనిషి, తాను బతికేది దాని కోసం కాదని తెలుసుకోవటం అన్నాడు.

అప్పుడు పాడే ఆయన సంగతి వెతికాను. హెట్‌ఫీల్డ్ తల్లిదండ్రులు జబ్బుకు మందు పుచ్చుకోకూడదనే నమ్మకం వున్నవాళ్లు. ఇతనికి పదమూడేళ్లప్పుడు తండ్రి ఇల్లు విడిచి వెళ్లిపోయాడు. ఇతనికి పదహారేళ్లప్పుడు తల్లి క్యాన్సర్‌తో పోయింది. తరవాత డబ్బూ, పేరూ, తాగుడూ అన్నీ వచ్చాయి. 2019లో కచేరీలు వాయిదా వేసి మళ్లీ చికిత్సాలయంలో చేరాడు. 2022 మే నెలలో బ్రెజిల్‌లోని బెలో హొరిజొంతె కచేరీలో, వేలమంది ఎదట నిలబడి, బయల్దేరేముందు తనకు ధైర్యం చాలలేదనీ, ముసలివాణ్ణయిపోయాను, ఇక వాయించలేనేమోననే భయం పట్టుకుందనీ చెప్పుకున్నాడు. తోటివాళ్లు ముగ్గురూ వచ్చి కావిలించుకున్నారు. ఆ మరుసటేడు, అరవైకి నాలుగునెలల ముందు, తన మొదటి పద్దెనిమిదేళ్ల గురించి ఈ రికార్డు వేశాడు. కాలిపోయిన ఉయ్యాలతొట్టె ఎవరిదో అప్పటికిగాని నాకు తెలియలేదు.

ఇది చదివాక నాకు మా ఊరి హరిశ్చంద్రుడు గుర్తుకొచ్చాడు.

మా ఊరు తెనాలికి దగ్గర. తెనాలి చుట్టుపక్కల పిల్లలు నడక నేర్చేముందు పద్యం నేర్చుకుంటారని సామెతలా చెప్పుకునేవాళ్లు. నా కుర్రతనంలో మా ఊళ్లో ఒకాయన హరిశ్చంద్రుడి వేషం కట్టేవాడు. పేరు చెప్పను. కాటిసీనులో ఆయన రాగం ఎత్తాడంటే ఒంటెద్దుబళ్ల కింద పడుకున్నవాళ్లు కూడా లేచి కూచునేవాళ్లు. “వన్స్ మోర్” అని కేకలు. శవాన్ని కిందపెట్టి మళ్లీ పాడేవాడు. మళ్లీ కేకలు. మళ్లీ పాడేవాడు. ఒక్కొక్క రాత్రి ఆ కాటి దగ్గరే తెల్లవారేది.

ఆయనకు యాభై దాటాక ఒక కొత్త నాటకం రాయించుకున్నాడు. పద్యాలు లేవు. ధోవతీ, కళ్లజోడూ పెట్టుకుని మామూలు మనిషిలా కుర్చీలో కూచుని మాట్లాడే నాటకం. ఆరునెలలు సాధన చేశాడట. ప్రదర్శన రోజున మేమందరం వెళ్లాం. పావుగంట గడిచేసరికి వెనకనించి ఎవడో “కాటిసీను!” అన్నాడు. నవ్వులు. తరవాత ఇంకొకడు. తరవాత పదిమంది. నాకు అప్పుడు ఇరవైయేళ్లు; గొంతు బాగుండేది. నేనూ అరిచాను.

ఆయన కాసేపు మా వంక చూశాడు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. లేచి ముందుకొచ్చి, ఆ ధోవతీతోనే, కాటిసీను పద్యం ఎత్తుకున్నాడు. ఏమి చప్పట్లని! “వన్స్ మోర్” అన్నాం. మళ్లీ పాడాడు. తెర పడింది. ఆ కొత్త నాటకం మళ్లీ ఎన్నడూ ఆడలేదు. ఆయన పోయేదాకా హరిశ్చంద్రుడే.

ఈ కథ ఫోనులో ప్రతివాదికి చెప్పాను. అంతా విని, చాలాసేపు పలకలేదు. లైను తెగిందేమోననుకున్నాను.

“మావయ్యగారూ, బెంగుళూరుకి మీరు మావాడికి డబ్బిచ్చారు కదా. నాకు మా నాన్న ఇచ్చారు. ఆయనకు మాత్రం నిజం చెప్పే వెళ్లాను. తిరిగొచ్చాక ‘ఎలా పాడారురా’ అని అడిగారు. గొంతు లేక చేత్తో చూపించాను. నవ్వారు. మరుసటేడు పోయారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదటి పాట మొదలవగానే నాకు మళ్లీ అదంతా జరుగుతుందనుకున్నాను. జరగలేదు.”

నేను ఏం చెప్పగలను? చెప్పవలసిందల్లా ఒక్కటే. “నాయనా, నువ్వు అక్కడికి మీ నాన్న కోసం వెళ్లావు. ఆయన వాళ్ల అమ్మ కోసం పాడుతున్నాడు. ఇద్దరి పనీ న్యాయమైనదే. కాకపోతే ఎదురెదురుగా వచ్చి గుద్దుకున్నారు. నీకు పాటలు పొడుగనిపిస్తే పొడుగనే అను. శబ్దం బాగాలేకపోతే బాగాలేదనే అను. డబ్బిచ్చి వినేవాడికి ఆ హక్కు వుంది. కాని ‘మారకండి’ అనే హక్కు మటుకు టిక్కెట్టులో కలిసిరాదు.”

తరవాత మేనల్లుణ్ణి కూడా పిలిచాను. “ఒరే, వాడికి కావలసింది జ్ఞాపకాలని ఎగతాళి చేశావటగా? ‘ఓరియన్’ విని నువ్వు ఏడ్చింది దేనికిరా? నీది భక్తి, వాడిది చాదస్తమూనా?” అన్నాను. వాడు నసిగాడు.

“ఇంకో మాట. రెండో రాత్రి ఏం పాడారు?”

“ ‘వన్’ పాడారు మావయ్యా. వాడికి ప్రాణం ఆ పాటంటే. ఆఖర్న ‘ఎంటర్ శాండ్‌మన్’.”

“ఆ సంగతి వాడికి చెప్పావా?”

“చెబితే బాధపడతాడని చెప్పలేదు.”

మాటలు మానేసినవాడు బాధపడతాడని దాచుకున్న మాట! ఇక ఈ కేసులో నేను తీర్పు రాయవలసిన అవసరం లేదనిపించింది. ఫోను పెట్టేశాను.

2024 మే నెలలో ఆ బృందం జర్మనీలో మ్యూనిక్ నగరానికి వచ్చింది. మళ్లీ రెండు రాత్రులు, మళ్లీ చక్రం వేదిక. మావాళ్లిద్దరూ రైలెక్కి వెళ్లి రెండు రాత్రులూ చూశారు. కొత్త రికార్డులో ఇరవై నిమిషాలు కోసెయ్యవలసిందేనని ప్రతివాది అభిప్రాయం. ఒక్క నిమిషం కూడా తియ్యటానికి వీల్లేదని వాది అభిప్రాయం. ఈ తగవు వాళ్ల మనవల కాలానికి కూడా తెమిలేటట్టు లేదు, తెమలకపోతేనే మంచిది. గొంతులు పోయి ఇద్దరూ ఫోనులో గుసగుసలాడుతూంటే, మిరియాల కషాయం పెట్టుకోమన్నాను.

నా విషయం మాత్రం తేలలేదు. హరిశ్చంద్రుడు గారు పోయి చాలా ఏళ్లయింది. ఆ కాటిసీను రాగం నాకిప్పటికీ చెవుల్లో వుంది. ఆ కొత్త నాటకంలో కథ ఏమిటో, ఆ కుర్చీలో కూచుని ఆయన ఏం చెప్పబోయాడో, అది మాత్రం నాకు తెలియదు. మావూళ్లో ఎవరినడిగినా తెలియదంటున్నారు. తెలియటానికి మేం విన్నామా ఏమన్నానా?